టైరు సన్మానం

పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరపడం చిన్న పని కాదు. పదేళ్ల కింద విడిపోయిన క్లాస్‌మేట్లను ఒక హాల్లో కూర్చోబెట్టాలి. ఎవరికి బట్టతల వచ్చింది, ఎవరికి ఎంతమంది పిల్లలు అన్న లెక్కలు తేల్చాలి. చివర్లో నవ్వుతూ బహుమతులు పంచాలి. అందుకే 1970 ఆగస్టులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, పోర్ట్ ఆర్థర్ ఊళ్లో థామస్ జెఫర్సన్ హైస్కూలు 1960 బ్యాచ్ వాళ్లను ఎవరైనా ఆడిపోసుకుంటే నాకు నచ్చదు. వాళ్ల తరఫున మాట్లాడడానికే ఈ నాలుగు ముక్కలు.

ఇంతకీ ఏం చేశారు పాపం? తమ బ్యాచ్‌లోనే చదివిన ప్రసిద్ధ రాక్ గాయని జానిస్ జోప్లిన్‌కు టైరిచ్చారు.

అవును, టైరే. నల్లగా, గుండ్రంగా, బండి కింద ఉండేది. అందరికంటే ఎక్కువ దూరం నుంచి వచ్చినందుకు బహుమతి.

అప్పటికి ఆమె మాంటెరీ పాప్ ఫెస్టివల్లో పాడి మూడేళ్లయింది. 1968లో బిగ్ బ్రదర్ బృందంతో చేసిన రికార్డు ఎనిమిది వారాలు అమెరికాలో నంబర్ వన్. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం. ఇవన్నీ ఊరి బయట జరిగిన వ్యవహారాలు కనుక లెక్కలోకి రాలేదు. కాలిఫోర్నియా నుంచి టెక్సస్ దాకా ప్రయాణం మాత్రం వచ్చింది. పాటకు కొలత లేదు, దూరానికి ఉంది.

ఆ బహుమతి ఖరారు చేసిన మీటింగును నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఊహే సుమా, మినిట్స్ బుక్కు నా దగ్గర లేదు.

"షీల్డ్ ఇద్దామా?" అని సెక్రటరీ అడిగి ఉంటాడు.

"షీల్డ్ మీద ఏదో ఒకటి చెక్కించాలి కదండీ. గాయని అని చెక్కిస్తే ఆవిడ పాడుతుందని మనం ఒప్పుకున్నట్టవుతుంది."

"పోనీ, పూలగుత్తి?"

"అది ఆడపిల్లలకిచ్చేది."

ఇక్కడ అందరూ కాసేపు కాఫీ తాగి ఉంటారు. శాలువా కప్పే అలవాటు ఆ దేశంలో లేదు, ఉన్నా పొడవు చాలలేదనేవాళ్లు. చివరికి ట్రెజరర్ గొంతు సవరించుకుని, "టైరైతే పగలదు, వాడిపోదు. పైగా, వచ్చిన దారినే వెళ్లడానికి పనికొస్తుంది" అని ఉంటాడు. ఏకగ్రీవ ఆమోదం. నమోదు చేసుకోండి.

తర్వాత ఇవ్వడం. మెమెంటోనైతే ఇద్దరూ చెరో పక్క పట్టుకుని ఫొటోగ్రాఫర్ వైపు చూడొచ్చు. దండైతే మెడలో వేసి చప్పట్లు కొట్టొచ్చు. టైరును ఏం చేస్తారు? జుట్టులో రంగురంగుల ఈకలు, చేతినిండా గాజులు, పెద్ద కళ్లద్దాలతో వచ్చిన మనిషికి దాన్ని చేతికివ్వాలా, నేలమీద దొర్లించాలా? తీసుకున్నాక ఆమె ఎక్కడ పెట్టుకోవాలి, ఒళ్లోనా? ఆ తర్వాత డిన్నరుంటే టైరుకు పక్క కుర్చీ వేస్తారా? నాకైతే ఇప్పటికీ ఈ టెన్షన్ తీరలేదు.

అక్కడికి వచ్చిన విలేఖరులు ఆమెను స్కూలు డాన్స్ పార్టీకి వెళ్లావా అని అడిగారు. వెళ్లలేదు, తనను ఎవరూ పిలవలేదని చెప్పింది. కెమెరా ముందు నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వును చూడగలిగితే చూడండి.

ఎందుకు పిలవలేదంటే, ఊరికి కొన్ని పద్ధతులున్నాయి. అది ఆయిల్ రిఫైనరీల ఊరు. జోప్లిన్ నాన్నగారు కూడా టెక్సాకో చమురు కంపెనీలో ఇంజనీరు. మొహం నిండా మొటిమలు, కాస్త లావు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బడిలో చదివితే తప్పేంటని అడిగే నోరు. అలాంటి పిల్ల కారిడార్లో నడుస్తుంటే చిల్లర నాణేలు విసిరి వెక్కిరించారు. 1962లో ఆస్టిన్‌లో యూనివర్సిటీకి వెళితే అక్కడివాళ్లు ఇంకా చదువుకున్నవాళ్లు. క్యాంపస్‌లో అందరికంటే వికారంగా ఉన్న మగాడెవరు అన్న పోటీకి ఆమె పేరు ఎక్కించారు. విరాళాల సేకరణ కోసం పెట్టిన పోటీ అది, పుణ్యకార్యం. 1963 జనవరిలో దారిన పోయే బళ్లు ఆపి ఎక్కుతూ శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్లు ఊరికే చెప్పేస్తారు. ఆ ఇల్లు పోర్ట్ ఆర్థర్ అయితే తెలిసేది.

సరే, వెటకారం కాసేపు పక్కన పెడతాను, నా వల్ల కావడం లేదు.

అదే ఆగస్టులో, ఈ టైరు పండగకు వారం ముందు, పెన్సిల్వేనియాలో ఒక సమాధికి రాయి పెట్టారు. నల్లజాతి బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ సమాధి. జానిస్ చిన్నప్పుడు రికార్డులు వింటూ పాట నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. బెస్సీ 1937లో కారు ప్రమాదంలో పోయింది. అంతిమయాత్రకు వేలమంది వచ్చారు. ఆమె గొంతు అమ్ముకుని రికార్డు కంపెనీ బాగుపడింది. సమాధి మీద పేరు చెక్కిన రాయి మాత్రం లేదు. ముప్ఫై మూడేళ్లు! ఇంతమంది అభిమానుల్లో, ఇంతమంది వ్యాపారుల్లో ఒక్కడికీ ఒక రాయికి డబ్బులు చిక్కలేదా? చివరికి ఎవరిచ్చారు? చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన ఒక నల్లజాతి స్త్రీ సగం, ఊరు తరిమేసిన ఈ పిల్ల సగం. సిగ్గుండాలి! పాడినన్నాళ్లూ పిండుకుంటారు, పోయాక మట్టి కప్పి మర్చిపోతారు, మధ్యలో మొహం బాగోలేదంటారు. ఆడమనిషికి మర్యాదంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ నెలలో ఆ దేశంలో ఇద్దరున్నారు. ఆ ఇద్దరిలో ఒకరి చేతిలో టైరు పెట్టారు.

1970 అక్టోబరు 4న హాలీవుడ్‌లో హోటల్ గదిలో హెరాయిన్ ఎక్కువై జానిస్ చనిపోయింది. ఇరవై ఏడేళ్లు. స్నేహితుల పార్టీ కోసం వీలునామాలో 2,500 డాలర్లు రాసిపెట్టింది. అప్పుడు తయారవుతున్న ఆల్బంలో ఒక పాటకు వాయిద్యాలు రికార్డయ్యాయి, గొంతు ఆ రోజు పాడాల్సి ఉంది. ఆ ఆల్బం 1971లో తొమ్మిది వారాలు నంబర్ వన్. ఆ పాట ఇప్పటికీ వాయిద్యాలతోనే ఉంది.

ఇక చక్రాల విషయానికొస్తే, అక్కడ అభివృద్ధి బాగానే జరిగింది. చనిపోవడానికి మూడు రోజుల ముందు ఆమె వాయిద్యమేమీ లేకుండా ఒక పాట పాడింది. ఖరీదైన కారు ఇప్పించవయ్యా అని దేవుణ్ని వేడుకుంటూ, ఆ వేడుకునేవాళ్లనే ఎగతాళి చేసే పాట. 1995లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ ఆ పాటనే తన ప్రకటనకు వాడుకుంది. ఎగతాళి అని వాళ్లకు అర్థం కాలేదనుకోను. అర్థమైనా అమ్మకాలకు అడ్డం రాలేదు. ఆమె పాత పోర్షే కారు, ఒళ్లంతా రంగుల బొమ్మలు వేయించుకున్నది, 2015లో వేలంలో 17.6 లక్షల డాలర్లకు పోయింది.

పోర్ట్ ఆర్థర్ కూడా వెనకబడలేదు. 1988లో విగ్రహం ఆవిష్కరించింది. ఇప్పుడు ఊరి మ్యూజియంలో ఆమె పోర్షేకు అచ్చంగా అలాంటి నమూనానే చేయించి పెట్టారు. రంగులన్నీ కుదిరాయి. నాలుగు చక్రాలూ ఉన్నాయి. స్టెప్నీ ఖర్చు మాత్రం ఆ ఊరికి మిగిలినట్టే, 1970లోనే కొనేశారు కదా.