కరువు జిల్లా చేపల వేటగాళ్ళకు కొన్ని గంభీరమైన సూచనలు

మా అనంతపురం జిల్లాలో అతి ముఖ్యమైన విషయం ఒకటి జరుగుతాంది, పేపరోళ్ళు పట్టించుకోలేదు, టీవీలోళ్ళకు అసలు తెలీదు, అందుకని ఈ బాధ్యత నేనే తీసుకోవాల్సి వచ్చింది. గేములో ఫిషింగ్ ఈవెంట్ స్టార్ట్ అయింది. ఏ గేమ్ అని అడగొద్దు, ఏదైనా ఒకటే, రాజ్యాలు కట్టే గేమ్ కానీ జాంబీలను కాల్చే గేమ్ కానీ, కొన్నాళ్ళు ఆడినాక ఎవడో ఒకడు మధ్యలో ఒక చెరువు తెచ్చి పెడతాడు, కత్తులూ తుపాకులూ పక్కన పెట్టి అందరూ గాలం పట్టుకుని గట్టున కూర్చోవాల. చేతికి కొన్ని ఎరలు ఇస్తాడు, ఒక లైన్, అంటే గాలం దారం, ఇస్తాడు, ఏడు రోజులు టైమ్ ఇస్తాడు, ఆ పైన మీ తెలివి, మీ ఛార్జింగ్.

దీని మీద మాట్లాడే అర్హత అనంతపురమోళ్ళకి ఉందా అని కోస్తా ఫ్రెండ్స్ కొందరు నవ్వుతాండారు. ఉంది. భీమవరమోళ్ళకి ఇంటి వెనకే చేపల చెరువు, కొల్లేరు పక్కనే, వాళ్ళకి ఫోన్లో చేప పట్టాల్సిన అవసరం ఏముంది? మాకు సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, నైరుతి మేఘాలన్నీ పడమటి కనుమల అవతలే కురిసేసి ఖాళీ సంచులతో మా నెత్తి మీదుగా పోతాయి, ఈశాన్యంలో వచ్చేవి మా దాకా వచ్చేసరికి అలిసిపోయుంటాయి. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల లిస్టు తీస్తే మాది ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చోనుంటుంది. ఇట్లాంటి చోట పుట్టి, ఐస్ పెట్టెలో ప్రయాణం చేసొచ్చిన బొచ్చె తప్ప ఈదే చేపను పెద్దగా చూడని మనిషి, పొద్దున్నే సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని బజ్జి ముందర పెట్టుకుని ఎడమ చేత్తో గాలం వేస్తాండాడంటే అది ఆట కాదు, ఆశయం.

సరే, స్ట్రాటజీలోకి పోదాం. ఫిషింగ్ ఈవెంట్ లో మొదటి సూత్రం, చేపలు పట్టకూడదు. నవ్వొద్దండి, అనుభవం ఉన్నోళ్ళను ఎవర్నైనా అడగండి. మొదటి రోజే ఉన్న ఎరలన్నీ వేసేసి లీడర్‌బోర్డులో పైకెక్కి స్క్రీన్‌షాట్ స్టేటస్ పెట్టేవాడు ఉంటాడే, వాని స్కోరు చూసే మిగతా అందరూ ప్లాన్ వేసుకుంటారు, చివరి రోజు సాయంత్రానికి వాడు కిందికి జారిపోయి 'సర్వర్ లో ఏదో మోసం ఉండాది' అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాడు. తెలిసినోడు ఎర దాచుకుంటాడు. రోజూ ఫ్రీగా వచ్చేది దాచుకుంటాడు, మిషన్లు చేసి వచ్చేది దాచుకుంటాడు, డబుల్ పాయింట్స్ ఇచ్చే రోజు ఏదో కనుక్కుని అప్పటిదాకా గట్టు మీద బుద్ధుని మాదిరి కూర్చుంటాడు. ఈ నిగ్రహం చూస్తే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది, ఎందుకంటే మూడు వందల ఎరల్లో ఒక్కటి కూడా వృధా కానియ్యని ఇదే మనిషి, ఇంటి మీద ట్యాంకు నిండి నీళ్ళు వీధి కాలవ దాకా పారతాంటే, పక్కింటి అక్క 'అబ్బీ, మోటర్ ఆపు రా' అని మూడు సార్లు అరిచినా, తల ఎత్తడు. ఒక మనిషికి ఉండే పొదుపు అంతా ఒకే చోట వాడాల, చిల్లరగా చల్లకూడదు.

రెండోది టైమింగ్. చాలా గేముల్లో రోజు మారేది మన అర్ధరాత్రికి కాదు, యూటీసీ అనే ప్రపంచ గడియారం సున్నా గంటలకి, అంటే మనకి తెల్లారి 5:30కి. అప్పుడే ఫ్రీ ఎరలు పడతాయి, షాపు మారుతుంది. బిడ్డను ఎనిమిదికి కూడా లేపలేకపోతున్నాం అని ఏడ్చిన తల్లులు ఇప్పుడు అయిదున్నరకే లైటు వెలగడం చూసి కాంపిటీటివ్ ఎగ్జామ్స్ కి చదువుతాండాడు అనుకుని హార్లిక్స్ కలిపి తెస్తాండారు. ఈ విద్య మనకి కొత్తగా రాలేదు లెండి. వ్యవసాయానికి కరెంటు రాత్రి పూట విడతలుగా ఇచ్చిన కాలంలో మన పెద్దోళ్ళు రెండు గంటలకి లేచి టార్చి పట్టుకుని చేనికి పోయి మోటర్ ఆన్ చేసి వచ్చినోళ్ళే, ఆ రక్తం ఎక్కడికి పోతుంది, కాకపోతే అప్పుడు పాములు ఉండేవి, ఇప్పుడు నోటిఫికేషన్లు.

అసలు విషయం లైన్ పొడవు దగ్గర ఉంది, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినాల. గేములో లైన్ ఎంత లోతుకి పోతే అంత పెద్ద చేప. లోతు పెంచాలంటే కాయిన్లు పెట్టి అప్‌గ్రేడ్ చేయాల, మొదటి లెవెల్స్ చవగ్గా ఉంటాయి, పైకి పోయే కొద్దీ రేటు ఎక్కుతాది. లెక్క ప్రకారం అప్‌గ్రేడ్ చేస్తే ముందే చేసేయాల, ఎందుకంటే పెంచిన లోతు ఆ తర్వాత వేసే ప్రతి గాలానికీ పనికొస్తుంది, చివరి రోజు ఇరవై ఎరలు మిగిలినప్పుడు ఉన్నదంతా పెట్టి లైన్ పెంచేవాడు తెలివితక్కువోడు. కాబట్టి మొదట లైన్, చివర ఎర. ఇది చదివిన వెంటనే మన జిల్లాలో ఎవరికైనా ఒళ్ళు జలదరించాల, ఎందుకంటే ఈ గేము మనం చాలా ఏళ్ళుగా ఆడతానే ఉండాం. దాని పేరు బోరు.

తమిళనాడు తిరుచెంగోడు నుంచి లారీ వస్తుంది. అంతకు ముందే పాయింట్ చూసేవాడు వస్తాడు, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు, ఒక చోట అది నిటారుగా లేచి నిలబడుతుంది, అంతే, సున్నం గుర్తు పెడతారు, టెంకాయ కొడతారు. కొందరు వేపపుల్ల వాడతారు, చదువుకున్నోళ్ళు మెషీన్ తో చూసే జియాలజిస్టును పిలుస్తారు. మన కింద ఉండేది గట్టి గ్రానైట్ రాయి, నీళ్ళు ఉంటే ఆ రాతి పగుళ్ళలోనే ఉండాల, పగులు తగిలితే నీళ్ళు, నాలుగడుగులు పక్కకి జరిగితే పిండి. మూడు వందల అడుగులకి పొడి దుమ్ము. అడుగుకి ఇంత అని రేటు, లోతుకి పోయే కొద్దీ ఆ రేటు కూడా లోతుకి పోతాది. నాలుగు వందలు. లారీ చుట్టూ మూగిన వాళ్ళలో ఒకడు దుమ్ము చేత్తో నలిపి 'తడి తగులుతాంది ప్పా' అంటాడు, ఆ ఒక్క మాటకి ఇంకో నూరడుగులు దిగుతాది. ఆరు వందలు. ఇంత పెట్టినాం, ఇంకో యాభై పోనీ. ఎనిమిది వందలు. రాత్రి ఒంటిగంటకి లారీ వెళ్ళిపోతాది, చేన్లో ఒక కన్నం మిగులుతాది, బ్యాంకులో ఒక బంగారు గొలుసు మిగులుతాది, మళ్ళీ వచ్చే ఏడాది నాలుగు గజాలు పక్కన ఇంకో సున్నం గుర్తు. బోరు వేయాలంటే పర్మిషన్ తీసుకోవాలని 2002లో వాల్టా చట్టం కూడా వచ్చింది, యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టర్మ్స్ అండ్ కండిషన్స్ చదివినంత శ్రద్ధగా మేమంతా దాన్ని చదివినాం.

అమెరికాలో స్కిన్నర్ అని ఒక సైకాలజిస్టు ఉండేవాడు, పావురాల మీద ప్రయోగాలు చేసినాడు. ప్రతి పోటుకీ గింజ పడితే పావురం ఆకలైనప్పుడే పొడుస్తుంది, ఎప్పుడు పడుతుందో తెలీకుండా చేస్తే మాత్రం ఆగకుండా పొడుస్తానే ఉంటుంది అని తేల్చినాడు. గేములు తయారు చేసేవాళ్ళకి ఇప్పుడు ఇది ఓనమాలు. ఆయన మన జిల్లాకి వచ్చుంటే పావురాల ఖర్చు మిగిలేది.

అందుకే ఫోన్ లో చేపల వేటను నేను తక్కువ చేసి మాట్లాడను, ఒక విషయంలో అది మన బోరు కంటే చాలా నిజాయితీ గలది. బంగారు చేప పడే ఛాన్స్ ఎంతో అందులో రాసుంటుంది. లూట్ బాక్సుల్లో, అంటే లోపల ఏముందో తెలీకుండా దుడ్లిచ్చి తెరిచే పెట్టెల్లో, ఏ వస్తువుకి ఎంత ఛాన్సో ముందే చూపించాల్సిందే అని ఆపిల్ కంపెనీ 2017లోనే తన యాప్ స్టోర్ లో రూల్ పెట్టింది. ఒక శాతం అని రాసుంటే ఒక శాతం. జనం ఏమనుకుంటారంటే, ఒక శాతం కదా, నూరు సార్లు వేస్తే గ్యారంటీ అని. కాదు నాయనా. నూరు సార్లు వేస్తే కనీసం ఒకటి పడే ఛాన్స్ 63 శాతం, మూడు వందల సార్లు వేసినా నూటికి అయిదుగురు ఖాళీ చేతుల్తోనే లేస్తారు, ఆ అయిదుగురూ మన గ్రూపులోనే ఉంటారు అనేది వేరే విషయం. ఈ బాధ చూడలేక కొన్ని గేముల్లో పిటీ సిస్టమ్ అని పెట్టినారు, ఫలానా సంఖ్య దాకా పడకపోతే ఆ తర్వాతి దానికి ఖచ్చితంగా ఇచ్చేస్తారు. ఎర వేసే ముందు ఆ కౌంటర్ ఎక్కడుందో చూసుకోండి, ఈవెంట్ అయిపోతే అది సున్నాకి పోతుందా, వచ్చే ఈవెంట్ కి కూడా నిలుస్తుందా అనేది చిన్న అక్షరాల్లో రాసుంటుంది, చదవాల్సింది అదొక్కటే. పెళ్ళిపత్రికలో ముహూర్తం చూసినట్టు అది మాత్రం చూసుకుని మిగతాది వదిలేయొచ్చు.

ప్యాకుల సంగతి. చిన్న రేటుతో మొదలవుతాయి, పైకి పోతే ఒక్క ప్యాకు వేల రూపాయల్లో ఉంటుంది. మొదటి సారి కొంటే డబుల్ అని ఆశ పెడతారు, ఆ మొదటిది తప్ప ఇంకేదీ కొనకపోవడం మంచిది అని ప్రతి స్ట్రాటజీ వీడియోలోనూ చెప్తారు, చెప్పేవాడి వెనక స్క్రీన్ మీద మాత్రం అన్ని ప్యాకులూ కొన్నట్టు కనిపిస్తాంటాయి. ఎక్కువ దుడ్లు పెట్టేవాళ్ళని ఆ ఫీల్డులో వేల్స్ అంటారు, తిమింగలాలు అన్నమాట. ఎర ఎవరు చేప ఎవరు అని వేదాంతం చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ దగ్గరికి పోండి, మనకి ర్యాంకు కావాల. ఇది జూదమా అని కొందరికి అనుమానం. ఆంధ్రాలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ బంద్ చేసినారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు పందెం గేములకి తాళం వేసింది. పందెం అంటే దుడ్లు పెట్టి దుడ్లు రావాలని ఆశించడం. ఫిషింగ్ ఈవెంట్ లో పోవడమే గానీ తిరిగి రావడం అనే ప్రశ్నే లేదు, కాబట్టి చట్టప్రకారం ఇది శుద్ధమైన వినోదం.

ర్యాంకుల దగ్గర ఒక్క మాట, ఫస్ట్ ప్లేస్ కి ఆశపడొద్దు, అక్కడ తిమింగలం ఉంటుంది. ప్రైజులు మెట్లు మెట్లుగా ఉంటాయి, నాలుగు నుంచి పది దాకా ఒకటే ప్రైజ్ అయితే నాలుగోవాడు మూర్ఖుడు, పదోవాడు మేధావి, పదకొండోవాడి ఇంటికి ఆ రోజు ఎవరూ చుట్టపుచూపుగా పోకూడదు. చివరి అయిదు నిమిషాల్లో దాచుకున్నదంతా దించాల, అప్పుడు కరెంటు పోయినా సిగ్నల్ పోయినా అది మీ ప్రారబ్ధం. అలయన్స్ లో, అంటే గేములో మన జట్టులో, ఎవరికీ మీ ఎరల లెక్క చెప్పొద్దు, ముఖ్యంగా బామ్మర్దికి.

మన జిల్లాలో నిజం చేపల ఈవెంట్ కూడా ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. ఎన్నో ఏళ్ళకి ఒకసారి పెద్ద వాన పడి చెరువు నిండి మరువ, అంటే అలుగు, పారుతుంది. దానికి నోటిఫికేషన్ రాదు, డేట్ ముందే చెప్పరు. మరువ కింద పిల్లాజల్లా చేరి, దోమతెర ఒకడు, పాత చీర ఇద్దరు, బియ్యం సంచి ఇంకొకడు, వల అనేది ఉండేవాడు ఆ రోజుకి రాజు. చెరువును వేలం పాడుకున్న సొసైటీ వాళ్ళు ఒకవైపు అరుస్తాంటారు, జనం ఇంకోవైపు జెల్లలు తువ్వాల్లో మూట కట్టుకుంటాంటారు, ఆ సాయంత్రం ఊర్లో ప్రతి ఇంట్లోనూ ఒకటే వాసన. ఇందులో స్ట్రాటజీ లేదు, పిటీ లేదు, లీడర్‌బోర్డ్ లేదు. 2022 అక్టోబర్ లో నడిమివంక పొంగి అనంతపురం టౌన్లో కాలనీలే మునిగినాయి, అంటే మన దగ్గర ఈవెంట్ రావడమే కష్టం, వస్తే మాత్రం ఇంట్లోకి వచ్చి పలకరిస్తుంది.

కాబట్టి అధికారులకు నా విన్నపం ఒకటే, గేముల్లో ఉన్నది బోర్లకి కూడా పెట్టాల. లారీ మీద పెద్ద అక్షరాల్లో నీళ్ళు పడే ఛాన్స్ ఇంత శాతం అని రాయించాల. కొబ్బరికాయ పట్టుకునేవాని పాత స్కోరు లీడర్‌బోర్డులో పెట్టాల. ఇన్ని బోర్లు ఫెయిల్ అయినోనికి తర్వాతిది నీళ్ళు పడేదాకా కంపెనీ ఖర్చుతోనే అని పిటీ రూల్ తేవాల. ఇదంతా మొన్న మా పెద్దనాయనకు వివరంగా చెప్తే, ఆయన బీడీ పక్కన పెట్టి మొత్తం విన్నాడు.

"అన్నిసార్లు పడకపోతే ఆ తర్వాత ఖచ్చితంగా ఇస్తారా? రాసిచ్చినారా?"

"ఫోన్లో రాసుంది పెద్దనాయనా."

"తెలుగులో ఉండాదా?"

"ఇంగ్లీషులో ఉంది."

"ఏదైతే ఏంలే, ఆ కంపెనీవోనికి ఫోన్ కలుపు. మన బండమీద చేనుకి వచ్చి ఒక పాయింట్ పెట్టమను, అడ్వాన్సు నేనిస్తా."