సవరణ: ఉత్తరం కిటికీలోకీ ఎండ వస్తుంది

ఇంట్లో పిల్లల ఫొటోల గురించి రాసిన పోస్టులో, ఉత్తరం వైపు కిటికీలోంచి ఏడాది పొడవునా నేరుగా ఎండ పడదన్నాను. అది తప్పు. చలిదేశాల వాళ్లు చెప్పే సూత్రాన్ని మన ఊరికి అంటగట్టాను. వరంగల్ సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ లోపలికే వస్తుంది. హనుమకొండలో స్టూడియో నడిపే ఒకాయన చెబితే, సూర్యుడి దారి చూపే యాప్‌లో సరిచూసుకున్నాను. అలా ఎండ పడ్డప్పుడు కిటికీ చువ్వల నీడ పిల్లల బుగ్గల మీద చారలు కడుతుంది, వాళ్లేమో కళ్లు చికిలిస్తారు. పల్చటి తెల్ల పంచె అడ్డం కడితే వెలుగు మెత్తబడుతుంది. ఫొటో తీసేటప్పుడు ట్యూబ్‌లైటు ఆర్పేయమని ఆ పోస్టులో అన్నది మాత్రం మార్చడం లేదు.