సవరణ: హైదరాబాద్ కంటెయినర్‌కు కస్టమ్స్ అనుమతి ఎక్కడ?

హైదరాబాద్‌కు రేవు లేదు కాబట్టి ఎగుమతి కంటెయినర్‌కు కస్టమ్స్ అనుమతి ముంబై దగ్గరి నవా షేవాలోనే ఇస్తారని ముందు రాసినదాంట్లో ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటెయినర్ డిపోలో (రేవుకు దూరంగా కస్టమ్స్ పని జరిగే చోటు) షిప్పింగ్ బిల్, అంటే ఎగుమతి పత్రం, వేస్తే తనిఖీ, ‘లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్’ (ఎగుమతికి కస్టమ్స్ ఇచ్చే అనుమతి) అక్కడే అయిపోతాయి. రేవులో మామూలుగా సీలు సరిచూస్తారు, పెట్టె విప్పరు.

అసలు తిప్పలు పోర్టు కోడ్‌తో, అంటే ఏ కస్టమ్స్ కేంద్రమో చెప్పే గుర్తుతో. సనత్‌నగర్‌ది ఐఎన్‌ఎస్‌ఎన్‌ఎఫ్6, నవా షేవాది ఐఎన్‌ఎన్‌ఎస్‌ఏ1, శంషాబాద్ ఎయిర్ కార్గోది ఐఎన్‌హెచ్‌వైడీ4. చివరి అంకె చూస్తే తెలిసిపోతుంది: 1 సముద్రం, 4 విమానం, 6 డిపో. సరుకు ఓడెక్కింది నవా షేవాలోనే కదా అని జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్)లో ఎగుమతులు చూపే పట్టిక 6ఏలో ఆ కోడ్ వేసేస్తుంటారు. సనత్‌నగర్ కోడ్ ఉన్న షిప్పింగ్ బిల్‌తో పొసగక ఐజీఎస్టీ రీఫండ్ (ఎగుమతిపై కట్టిన పన్ను వాపసు) ఆగిపోతుంది. తర్వాతి రిటర్న్‌లో సవరణల పట్టిక 9ఏ ద్వారా సరిదిద్దాలి.

కోడ్ సరిగ్గానే ఉన్నా డబ్బు రాలేదా? అయితే గేట్‌వే ఈజీఎం, అంటే ఓడెక్కిన సరుకు జాబితా, చూడండి. షిప్పింగ్ లైన్ నవా షేవాలో దాఖలు చేసే ఆ పత్రంలో సనత్‌నగర్ షిప్పింగ్ బిల్ నంబరు, తేదీ, కంటెయినర్ నంబరు ఉండాలి. చాలాసార్లు రేవులోనే వేసిన బిల్లులా నమోదు చేసేస్తారు, అక్కడే చిక్కు. బిల్లు స్థితి కస్టమ్స్ వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో కనిపిస్తుంది. కానీ దిద్దించాల్సింది షిప్పింగ్ లైన్ చేతే, డిపో చుట్టూ తిరిగి లాభం లేదు.

ముందు రాసినదానికి వీజీఎం (ఓడెక్కించే ముందు ధ్రువీకరించే కంటెయినర్ మొత్తం బరువు) లెక్కలో ఒక్క చేర్పు: సరుకు, ఖాళీ కంటెయినర్ బరువులతోపాటు పాలెట్లు, ఆనింపు చెక్కల బరువు కూడా కలపాలి.