ఐదు టన్నుల బంగారం, నాలుగు చాయ్‌లు

చరిత్రను తూచాలంటే విమర్శనాత్మకంగానూ, సృజనాత్మకంగానూ ఆలోచించాలని పెద్దలు చెబుతారు. నారాయణగూడలో ప్రతి ఆదివారం పొద్దున ఇరానీ చాయ్ తాగే మేం నలుగురం ఈ రెండు పనులనూ ఏనాడో పంచేసుకున్నాం. గిట్టని నాయకుడైతే విమర్శ, మనవాడైతే సృజన. దీంతో పుస్తకాలు తిరగేసే శ్రమ తప్పింది.

పోయిన వారం ఏడో నిజాం మీద విచారణ జరిగింది. ఒకాయన ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుతూ, రజాకార్లను పెరగనిచ్చినవాడి పేరే ఎత్తొద్దన్నాడు. ఎదుటి కుర్చీలోని పెద్దమనిషి వెంటనే గండిపేట నీళ్లు గుర్తుచేశాడు. 1908లో మూసీ వరద ఊరిని ఊడ్చేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది ఆరో నిజాం అనీ, 1920లో ఆ గండిపేట చెరువు పూర్తయ్యేనాటికి కొడుకు గద్దె మీద ఉన్నాడనీ నేను చెప్పబోయాను.

"నడుమ తారీఖులు తేకన్నా, ముచ్చట చెడిపోతది" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తర్వాత బంగారం వచ్చింది. మా బల్ల దగ్గర ఏ చర్చయినా అరగంటలో అక్కడికే చేరుతుంది. నిజాం దేశ రక్షణకు 5 టన్నుల బంగారం దానమిచ్చి, పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నాడన్న కథ మా అందరికీ నోటికొచ్చు. పాపం, 1965 నాటి లెక్క వేరు: 425 కిలోలు. అదీ దానం కాదు, జాతీయ రక్షణ బంగారు బాండ్లలో మదుపు, ఏడాదికి 6.5 శాతం వడ్డీ. ఈ మాట వినగానే గిట్టనాయన "నే చెప్పలే, పిసినారి!" అని బల్ల చరిచాడు. అభిమాని బెదరలేదు. "కాగితాలు ఎవలు రాసిన్రో ఎవలకెరుక? మా తాత కళ్లార చూసిండు." ఆ తాత ఆ రోజుల్లో షోలాపూర్ మిల్లులో పనిచేసేవాడని పోయిన దసరాకు చెప్పింది ఈయనే. యుద్ధకాలంలో అంత బంగారం బాండ్లలో పెట్టినవాణ్ని దేశం మీద ప్రేమున్నవాడనాలా, వడ్డీ లెక్క తెలిసినవాడనాలా? రెండూ కావచ్చంటే ఇద్దరికీ కోపమే.

సెప్టెంబర్ 17 జోలికి మాత్రం మేం పోం. 1948లో నిజాం హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది గానీ, ఆ రోజుకు పేరు పెట్టడం ఇంకా ముగియలేదు. 2022లో ఒకే రోజున కేంద్రం విమోచన దినం, రాష్ట్రం సమైక్యతా దినం జరిపాయి. 2024కల్లా రాష్ట్రానికి అది ప్రజాపాలన దినం అయింది. బారసాలనాడు మా మనవరాలికి కూడా ఇన్ని పేర్లు పెట్టలేదు.

ఇంతలో బిల్లొచ్చింది. పోయిన ఆదివారం చాయ్ డబ్బులు ఎవరిచ్చారని మాటొచ్చింది. నాతో సహా నలుగురం "నేనే" అన్నాం. గల్లా దగ్గరి సేఠ్ ఖాతా పుస్తకం తెరిచి చూపించాడు. నాలుగు చాయ్‌లు, ఒక ప్లేటు బిస్కెట్లు, బాకీ.

"ఆ పుస్తకం రాసిందెవలు? సేఠే కద" అన్నాడు అభిమాని.

గిట్టనాయన తలూపాడు. నేనూ ఊపాను.