సుగ్గికి పోయొచ్చిన పిల్లకు బట్టీయే గతా?

"ప్రయోగాలు మానండి, పిల్లల చదువు కాపాడండి" అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. మా బి.ఇడి. బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, ఊరి గ్రూపులో ఒకసారి, మిగతావి విడివిడిగా. నిన్న మా బావ కూడా పంపి, కింద "నిజమే కదా" అని రాశాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నా. కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక సర్కారు హైస్కూల్లో నేను లెక్కలు చెప్తాను.

మెసేజ్ చెప్పేది ఇదీ: హైస్కూల్లో పిల్లల చేత చేయించి నేర్పడం మొదలుపెడితే సిలబస్ పూర్తి కాదు. యాసిడ్లతో ప్రమాదం. సైన్స్‌కు సరేగానీ సోషల్‌కు, తెలుగుకు, లెక్కలకు చేయించడానికి ఏముంది? ప్రాజెక్టుల పేరుతో తల్లిదండ్రుల డబ్బు దండగ. మనం ఇవేవీ లేకుండానే పైకి రాలేదా? ఇక చివరిది, నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది: వెనకబడిన పిల్లలకు ఇవేవీ ఎక్కవు, గైడులోని ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించి 35 మార్కులు తెప్పిస్తే అదే వాళ్లకు చేసే మేలు.

యాసిడ్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తా. నిమ్మకాయ, పసుపు చేతులు కాల్చవు, సున్నపు తేట కంట్లో పడకుండా చూసుకుంటే చాలు. ఆమ్లాలు, క్షారాల పాఠం సగం వాటితోనే చెప్పొచ్చు. "మనం పైకి రాలేదా" అన్నదానికి కూడా ఎక్కువ చెప్పను. పైకి వచ్చినవాళ్లే ఆ గ్రూపులో ఉన్నారు. మాతో పాటు ఆరో తరగతిలో కూర్చుని, ఎనిమిదికల్లా బడి మానేసినవాళ్లు అందులో లేరు.

సిలబస్ విషయం. పదో తరగతి సైన్స్ పేపర్లో ప్రయోగాల మీద కూడా ప్రశ్నలు వస్తాయి: ఏ పరికరాలు కావాలి, ఎలా చేస్తావు, ఏం గమనించావు అని. చేయని ప్రయోగాన్ని గమనించినట్టు రాయడం నేర్పడానికి పట్టే టైంలో ఆ ప్రయోగమే చేయించొచ్చు.

సోషల్, తెలుగులో ఏముంది అన్నారు కదా. మా వైపు ఇళ్లలో నేలంతా నాపరాళ్లే, అంటే ఒక రకం సున్నపురాయి. దాని మీద నిమ్మరసం పడితే మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుందని ప్రతి ఇంట్లో అమ్మలకు తెలుసు. సైన్స్ మేడం నాపరాతి పొడి తెప్పించి, నిమ్మకాయ పిండించారు. "మేడం, పొంగుతాంది!" అని ముందు బెంచీల వాళ్లు లేచి నిలబడ్డారు. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. తర్వాతి పీరియడ్‌లో సోషల్ సార్ అక్కడి నుంచే అందుకున్నారు. గాలిలోని, మట్టిలోని అదే వాయువును కలుపుకుని కొంచెం పులుపెక్కిన నీళ్లు సున్నపురాయిని లక్షల ఏళ్లు కరిగిస్తే ఏమవుతుంది? బెలుం గుహలవుతాయి. 3,229 మీటర్ల పొడవు. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లాయిగానీ మా పిల్లలకు అవి ఇంకా కర్నూలు గుహలే. అందులో సైన్స్ ఎక్కడ ఆగింది, సోషల్ ఎక్కడ మొదలైంది?

ఇంకోటి. పత్తికొండ, గుత్తి మధ్య జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శిలాశాసనంలో కొంత భాగం ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, మడక తిప్పి దున్నినట్టు. బ్రాహ్మి అక్షరాల పట్టిక పెట్టుకుని బండ ముందు కూర్చున్న పిల్లవాడు ఆ తిరకాసును తనే పట్టుకుంటే, లిపి అంటే ఏమిటో వాడికి మళ్లీ చెప్పక్కర్లేదు. అది తెలుగు పాఠం కూడా.

ఖర్చు విషయంలో మాత్రం మెసేజ్ రాసినాయనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నా. స్టేషనరీ షాపులో థర్మాకోల్ అగ్నిపర్వతం కొనిపించి, అమ్మానాన్నల చేత రంగులేయించి, మార్కులు వేయడం మోసం. కూలికి పోయే తల్లి ఆ రోజు సంపాదన దానికి పెట్టాల్సి వస్తే అది పాపం కూడా. అలాంటి ప్రాజెక్టులన్నీ రేపే ఆపేయాలి. కానీ దానికీ చేసి నేర్చుకోవడానికీ ఏమిటి సంబంధం?

ఇక ఆ చివరి మాట.

పత్తి, మిరప కోతలకు కుటుంబాలతో గుంటూరు వైపు వలస పోవడాన్ని మా దగ్గర సుగ్గికి పోవడం అంటారు. అవ్వాతాతలుంటే పిల్లల్ని వదిలిపోతారు. లేకపోతే బడి పిల్లలు కూడా పోతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి. మెసేజ్‌లో "వెనకబడిన పిల్లలు" అంటున్నది వీళ్లనే. అలా వచ్చిన ఒక అమ్మాయి రెండు వారాలు నా క్లాసులో నోరు తెరవలేదు. శంకువు ఘనపరిమాణం సూత్రం బోర్డు మీద రాస్తే చూసి రాసుకునేది, అంతే.

బడిలో గది కడుతుంటే తడి ఇసుక కుప్ప పోశారు. క్లాసును అక్కడికి తీసుకుపోయా. కుప్ప శంకువే కదా, ఎంత ఇసుకుందో చెప్పండి అన్నా. వ్యాసార్థం ఎలా కొలవాలి, కుప్ప మధ్యలోకి స్కేలు పోదే అని అందరూ చూస్తున్నారు. ఈ అమ్మాయి అంది: "తాడు చుట్టూ తిప్పితే సరిపోతాది సార్. కల్లంలో మా నాయిన అట్లే చూసి ఎన్ని మూటలైతాయో చెప్తాడు." తాడు తిప్పాం. చుట్టుకొలత 22 అడుగులు, అంటే వ్యాసార్థం మూడున్నర. కర్ర గుచ్చితే ఎత్తు 3 అడుగులు. 38.5 ఘనపుటడుగులని లెక్క కట్టింది కూడా తనే. కాటాలో సంచి బరువు తీసేసి అమ్మ కూలి లెక్కేసే పిల్ల తను. దశాంశాలు తనకు కొత్త కాదు, మా బోర్డే కొత్త.

ఈ పిల్లకా గైడు? ఈ మాట రాసినాయన ఎప్పుడైనా ఇలాంటి పిల్ల పక్కన కూర్చుని ఒక్క లెక్క చెప్పి చూశారా? బట్టీ పట్టడానికి రోజూ బడికి రావాలి, ఇంట్లో కూర్చుని వల్లె వేసే తీరిక ఉండాలి. ఆ రెండూ లేని పిల్లలకే బట్టీని మందుగా రాస్తున్నారు. మూడు నెలలు పోయిన పిల్ల మళ్లీ క్లాసులోకి రావడానికి ఒక తలుపు కావాలి. తన చేతికి తెలిసిన పని ఆ తలుపు. దాన్నే మూసేయమంటున్నారు, పైగా మేలు చేస్తున్నామంటున్నారు. దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో టీచర్లు కూడా ఉన్నారంటే బాధగా ఉంది.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఎక్కాలు బట్టీ పట్టాల్సిందే, దానికి అడ్డదారి లేదు. ఇంకా, మొదటి ఏడాది నేను చేయించి వదిలేసేవాణ్ణి. ఇసుక కుప్ప దగ్గర అన్నీ చెప్పిన పిల్లలే యూనిట్ టెస్టులో ఖాళీ పేపరిచ్చారు. తప్పు నాదే, చేసినదాన్ని రాయించలేదు. ఇప్పుడు పీరియడ్‌లో చివరి పది నిమిషాలు రాతకే. ఎవరు ఏం కొలిచారు, ఎందుకలా వచ్చింది, సొంత మాటల్లో. సూత్రం ఆ తర్వాతే.

బావా, వచ్చే శనివారం బడికి రా. వేపచెట్టు ఎత్తు కొలవాలి. కోణమాపకానికి పెన్ను గొట్టం, దారం, చిన్న రాయి కట్టుకున్నారు పిల్లలు. చెట్టు కొస 45 డిగ్రీల్లో కనబడే దాకా వెనక్కి నడుస్తారు, అక్కడి నుంచి మాను దాకా టేపు పెడతారు. 45 డిగ్రీల దగ్గర ఆ దూరమెంతో, కంటి పైన చెట్టు ఎత్తు అంతే. పోయినసారి కంటి ఎత్తు కలపడం మర్చిపోయి చెట్టును నాలుగడుగులు తగ్గించేశారు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో ఈసారి వాళ్లే కనిపెట్టాలి. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.