కొండ ఎక్కితే ఎలుకలుండవా?

వారం రోజులుగా తిరుపతి, చిత్తూరు గ్రూపుల్లో ఒకటే మెసేజ్. "కొండ ఎక్కేకొద్దీ చలి. చలికి ఎలుకజాతులు తగ్గిపోతాయి. మూడు వేల మీటర్లు దాటితే ఒక్కటీ బతకదు. అలిపిరి మెట్ల మీదే చూడండి, కింద ఎక్కువ, పైన తక్కువ. ఎలుకల పుట్టిల్లు కొండ అడుగే. శెనక్కాయ వేసేముందు గుట్ట రాళ్ళసందుల్లో మందు పెట్టేయండి." చదువుకున్నవాళ్ళు కూడా దీన్నే పంపుతుంటే ఎన్నాళ్ళని ఊరుకోవాలి?

మూడు వేల మీటర్లట! 2020లో ఆండీస్ కొండల్లో 6,739 మీటర్ల శిఖరం మీద బతికున్న ఎలుకను పట్టుకున్నారు. ఆ మాట అక్కడితో సరి.

మెట్ల దగ్గర తిరిగే ఎలుకలు, పందికొక్కులు మనిషి పారేసే తిండి వెంట తిరుగుతాయి. అంగళ్ళు ఎక్కడుంటే అవీ అక్కడే. దానికీ ఎత్తుకూ సంబంధం లేదు.

చలి సంగతి కొంచెం ఆగి చూడాలి. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అయినా పెద్ద పర్వతాల్లో ఎలుకల వంటి చిన్న క్షీరదాల జాతులు అడుగు నుంచే తగ్గుతూ పోవు. మొదట పెరిగి, నడుమ ఎత్తులో ఎక్కువై, ఆ తర్వాతే తగ్గుతాయి. ప్రపంచం నలుమూలల లెక్కలను 2005లో క్రిస్టీ మెకేన్ అనే జీవశాస్త్రవేత్త ఒకచోట చేర్చి చూస్తే ఎక్కువచోట్ల ఇదే తేలింది. చాలా కొండల్లో అడుగున ఎండ, పైన చలి. మబ్బు తగిలే నడుమభాగంలో తేమ, గడ్డి, పురుగు దండి. కింది జాతులూ పై జాతులూ కలిసేదీ అక్కడే.

అసలు లెక్క ఎలా తీస్తారో తెలిస్తే ఈ మెసేజ్ పుట్టేదే కాదు. ప్రతి ఎత్తులోనూ అన్నే బోన్లు, అన్నే రాత్రులు పెట్టాలి. యాభై బోన్లు నాలుగు రాత్రులు పెడితే రెండువందల బోను-రాత్రులు. కింద రెండువందలు, పైన నలభై పెట్టి "పైన జాతుల్లేవు" అంటే కుదరదు. శెనక్కాయ ముద్ద ఎరకు ఎలుకలు వస్తాయి గానీ, ఎలుకల్లా కనిపించినా పురుగులు తిని బతికే చుంచులు సరిగా రావు. వాటికి అంచు నేలమట్టానికి వచ్చేలా బకెట్లు పూడ్చాలి, కొన్ని గంటలకోసారి చూడాలి, లేకుంటే ఆకలికే చచ్చిపోతాయి. రేకు బోన్లను తెల్లవారగానే తెరవాలి. బండ మీద ఎండ తగిలితే లోపలి జీవి ఉడికిపోతుంది.

ఒకటి ఒప్పుకుంటా. గబ్బిలాల విషయంలో, అడుగే తేమగా ఉండే పర్వతాల్లో, జాతులు నిజంగానే కిందినుంచి పైకి తగ్గుతూ పోతాయి. ఇంకొకటి, తిరుపతి నుంచి తిరుమలకు ఉన్న ఏడువందల మీటర్ల తేడాలో నడుమ పెరుగుదల స్పష్టంగా కనబడాలనీ లేదు.

ఇక ఆ మందు మాట. దీన్ని మాత్రం వదలను. చేను పాడుచేసే ఎలుకలు చేని గెనిమల్లోనే బొక్కలు తవ్వుకుని ఉంటాయి. రాళ్ళసందుల్లో ఉండేవి వేరు. పగటిపూట బండల మీద తిరిగే, చూపుకు ఉడుతలా కనిపించే చెట్టుచుంచు అసలు ఎలుకజాతిదే కాదు. మన దగ్గరి ఈ జాతి ద్వీపకల్ప భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. శాస్త్రం దాన్ని మొదట గుర్తించింది కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికిన దాన్నిబట్టే. ఇదే తూర్పు కనుమల్లో, సేలం దగ్గర ఒక్కచోట మాత్రమే దొరికిన పెద్ద రాతి ఎలుక ఇప్పుడు అంతరించే అంచున ఉంది. అదీ ఆరువందల మీటర్ల దగ్గరి పొదల్లోదే, శిఖరాలది కాదు. ఎలుకల మందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ కడుపులో ఆమ్లం తగలగానే విషవాయువు అవుతుంది, విరుగుడు లేదు. గింజకోసం వచ్చిన కౌజు, కంజు పిట్టలు కూడా పోతాయి.

చేనికి మందు తప్పదంటే సాయంత్రం గెనిమల్లోని బొక్కలన్నీ మట్టితో మూయండి. పొద్దున తెరుచుకున్నవే ఎలుకలున్నవి. రెండు రోజులు నూనె కలిపిన ఉత్త నూకలు పెట్టి అలవాటు చెయ్యండి. మూడోరోజు తొంభై ఆరు పాళ్ళు నూకలు, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు మందు పుల్లతో కలిపి, పదేసి గ్రాములు పొట్లం కట్టి బొక్క లోపలికి తోసి మూసేయండి. చేత్తో కలపకండి. పక్క చేలవాళ్ళు కూడా అదేరోజు పెట్టకపోతే వారంలో మళ్ళీ వస్తాయి. బయటపడి చచ్చినవాటిని ఆ పొద్దునే లోతుగా పూడ్చండి, గుడ్లగూబ తినకముందే.