కాగితపు సూర్యుళ్లు ఎవరి కోసం?

ఎండలు ముదరగానే ప్రీస్కూల్ తరగతుల గోడల మీద పసుపు కాగితపు సూర్యుళ్లు వెలుస్తారు. అందరికీ ఒకే కొలత కిరణాలు, ఒకే చోట కళ్లు, ఒకే నవ్వు. మూడున్నరేళ్ల చేతులు అంత తిన్నగా కత్తిరించలేవని ఆ గోడను చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కత్తిరించింది టీచర్, అతికించింది ఆయా, ఫొటోకి నిలబడింది మాత్రం పిల్లవాడు. ఇది బయట నిలబడి వేస్తున్న నింద కాదు. పిల్లల తరగతిలో పనిచేసిన తొలి రెండు వేసవుల్లో, బడి వదిలాక కూర్చుని అలాంటి సూర్యుళ్లను డజన్ల కొద్దీ నేనూ తయారుచేశాను.

మూడో ఏడు విసుగెత్తి, నీడలో ఒక వెడల్పాటి తొట్టె పెట్టి, అందులో బెత్తెడు నీళ్లు పోసి, రకరకాల గ్లాసులు, ఒక గరాటు, కొన్ని స్పాంజి ముక్కలు పడేసి పక్కన కూర్చున్నాను. అంతకు ముందు పది నిమిషాలకు మించి ఒక చోట కుదురుగా ఉండని పిల్లలు ఆ తొట్టె దగ్గర ముప్పావుగంట ఉన్నారు. పొట్టి గ్లాసులోని నీళ్లను సన్నని పొడవాటి గ్లాసులోకి వంచిన ఒక పాప, నీళ్లు ఎక్కువయ్యాయని సంబరపడింది. తిరిగి పొట్టిదానిలోకి వంచి, తగ్గాయని చిన్నబోయింది. ఈ వయసు పిల్లలు ఎత్తును చూసి పరిమాణాన్ని నిర్ణయిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే గమనించాడు. సుమారు ఏడేళ్లు వచ్చేదాకా సాధారణంగా ఆ భ్రమ వీడదు. కాబట్టి ఒక్క ఉదయంతో ఆ పాప ఏదో నేర్చేసుకుందని నేను చెప్పను. కానీ ఆ వంపడం, మళ్లీ వంపడం లేకుండా నేర్చుకునే దారి మరొకటి ఉందనీ నమ్మను.

ఆ మరుసటి రోజు ఐసు వంతు వచ్చింది. ఒక ముక్కను పళ్లెంలో వదిలేసి, మరొకదాన్ని ఉన్ని గుడ్డలో చుట్టి, ఏది ముందు కరుగుతుందని అడిగితే, తరగతి మొత్తం ఉన్ని గుడ్డనే చూపించింది. దుప్పటి కప్పుకుంటే మనకు వెచ్చగా ఉంటుంది కదా అన్నది వాళ్ల తర్కం, అది తీసిపారేయదగిన తర్కమూ కాదు. తీరా పళ్లెంలోది నీరైపోయాక గుడ్డ విప్పితే, లోపలి ముక్క ఇంకా గట్టిగానే ఉంది. ఉన్ని వేడిని పుట్టించదని, బయటి వేడి లోపలికి త్వరగా పోకుండా అడ్డుపడుతుందని చెప్పాలన్న ఆత్రం నాకు నాలుక చివరిదాకా వచ్చింది, ఎలాగో ఆపుకున్నాను. ఆ వారమంతా వాళ్లు రాళ్లను, బొమ్మలను, చివరికి చెప్పులను కూడా గుడ్డలో చుట్టి, విప్పి చూస్తూనే ఉన్నారు. వర్క్‌షీట్ మీద ఐసు ముక్క బొమ్మకు నీలం రంగు వేయించి ఉంటే ఆ ప్రశ్న ఐదు నిమిషాల్లో చచ్చిపోయేది.

ఇదేమీ నేను కనిపెట్టిన కొత్త సంగతి కాదు. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలో చిన్నపిల్లల కోసం తన సంస్థను ప్రారంభించి, 1840లో దానికి ‘పిల్లల తోట’ అనే అర్థం వచ్చే కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టాడు. ఆ తోటలో ఆటే అసలు పని. 1907లో రోమ్‌లో పిల్లల గృహాన్ని తెరిచిన మరియా మాంటిస్సోరి, చెక్క దిమ్మెలను రంధ్రాల్లో అమరుస్తున్న ఒక చిన్నపిల్లను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా ఆ పిల్ల తన పని ఆపలేదని రాసింది. మనమేమో ఇరవై నిమిషాలకొకసారి గంట కొట్టి, పిల్లలకు ఏకాగ్రత లేదని ఫిర్యాదు చేస్తాం.

వేసవి ఆటలకు జాగ్రత్తలు తప్పనిసరి. శరీర బరువుతో పోలిస్తే చిన్నపిల్లల చర్మ వైశాల్యం ఎక్కువ కాబట్టి మండుటెండలో వాళ్లు త్వరగా వేడెక్కుతారు, ఆటలో పడితే దాహమని అడగరు. పొద్దునే ఆడించాలి, అడగకపోయినా నీళ్లు తాగించాలి. కొద్ది సెంటీమీటర్ల నీళ్లు కూడా పసివాళ్లకు ప్రాణాంతకం కాగలవు కనుక, తొట్టె దగ్గర పెద్దవాళ్లు చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఆట అవగానే ఆ నీళ్లు పారబోయాలి. ఇవన్నీ చేయడం కష్టమని ఆటనే మానేయడం మాత్రం పిల్లల క్షేమం కాదు, పెద్దల సౌకర్యం.

నీళ్లు వంపుకోవడానికి ఫీజు కట్టాలా అని ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. ఇంటికి చూపించడానికి వస్తువు లేని రోజున బడిలో ఏం జరిగిందో తల్లిదండ్రులకు కనిపించదు, అందుకే టీచర్లు సూర్యుళ్లను కత్తిరిస్తారు. ఇప్పుడు నేను బొమ్మకు బదులు, పిల్లవాడు ఆ రోజు అన్న ఒక్క మాటను కాగితం మీద రాసి పంపుతున్నాను. నా తరగతి తల్లిదండ్రులను అడిగేది కూడా ఒక్కటే: సంచిలో ఒక జత బట్టలు అదనంగా పెట్టండి, పాతవైతే మరీ మంచిది.